డయల్ మీద 200, డైవర్‌కు 40

హైదరాబాద్ అబిడ్స్‌లోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో వాచీల దుకాణంలో నిలబడితే అద్దాల బల్ల కింద కొన్ని అంకెలు వరసగా కనిపిస్తాయి. 30 మీటర్లు, 50 మీటర్లు, 100, 200. అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. "ఇది రెండొందల మీటర్ల దాకా పోతుంది సార్" అంటాడు కౌంటర్లో కుర్రాడు. వాచీ పోతుంది, నిజమే. సారే పోలేరు. సరదాకు స్కూబా చేసేవాళ్లకు శిక్షణ సంస్థలు గీసిన గరిష్ఠ హద్దు 40 మీటర్లు. మొదటి సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్లకు 18. అండమాన్‌లోనో విశాఖ రుషికొండలోనో ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా తొలిసారి దిగేవాళ్లకు 12. చాలాసార్లు అంత లోతుకు కూడా తీసుకెళ్లరు.

స్కూబా వాచీల్లో తమాషా ఇదే. కొనేటప్పుడు అందరి కళ్లూ పడే పెద్ద అంకెతో నీళ్లలో పెద్దగా పనిలేదు. డైవర్‌ను క్షేమంగా ఒడ్డుకు చేర్చేవి చిన్న అంకెలు: నిమిషానికి 9 మీటర్లు, 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు, విమానానికి ముందు 18 గంటలు. వాటిని ఏ కంపెనీ డయల్ మీద అచ్చు వేయదు.

అద్దం మీద 140 కిలోలు

ముందు ఆ పెద్ద అంకె సంగతి. సముద్ర మట్టం దగ్గర గాలి మన మీద మోపే ఒత్తిడి సుమారు 1 బార్. సముద్రంలో దిగిన ప్రతి 10 మీటర్లకూ ఇంకో బార్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర మొత్తం 2, 30 దగ్గర 4, 40 దగ్గర 5. 200 మీటర్ల వాచీ అంటే, బయటి నీరు 20 బార్ల ఒత్తిడితో నొక్కినా లోపలికి చుక్క రానివ్వనిది. వాచీ అద్దం వ్యాసం 3 సెంటీమీటర్లనుకుంటే దాని విస్తీర్ణం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. 20 బార్ల దగ్గర ఆ బిళ్ల మీద పడే బరువు 140 కిలోలకు పైనే. 40 మీటర్ల దగ్గరైతే 28 కిలోలే. అంటే సరదా డైవింగ్‌కు కావలసినదానికి ఐదింతల గట్టిదనం 200 అంకెలోనే ఉంది. 300, 600, 1,000 మీటర్ల వాచీలు కొనుక్కునేవాళ్లు కొనుక్కోవచ్చు. అది ముచ్చటే తప్ప అవసరం కాదు.

హద్దు 40 మీటర్లే అయినప్పుడు 50 మీటర్ల వాచీ చాలదా? చాలదు. దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటుంది: ఈదేటప్పుడు చెయ్యి విసురుగా ఆడిస్తాం కాబట్టి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగిపోతుందని. లెక్క వేసి చూస్తే ఇది నిలవదు. చెయ్యి సెకనుకు 5 మీటర్ల వేగంతో నీటిని కొట్టినా అదనంగా కలిసే ఒత్తిడి 0.125 బార్. అంటే ఒకటింబావు మీటర్ల నీరు, అంతే. అసలు దోషులు వేరే ఉన్నాయి. లోపలి రబ్బరు వాషర్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిపోతాయి. టైము సరిచేసుకునే బుడిపెను లాగి, మళ్లీ నొక్కడం మరిచిపోతాం. వేడినీళ్ల స్నానం, సబ్బు, ఎండలో కాలిన వాచీని అమాంతం చల్లటి నీళ్లలో ముంచడం, ఇవన్నీ సీళ్లను తినేస్తాయి. పైగా మామూలు వాచీల మీద 'వాటర్ రెసిస్టెంట్ 50' అని ఉంటే ప్రతి వాచీనీ పరీక్షించారని అర్థం కాదు, కొన్ని నమూనాలను చూసినా సరిపోతుంది. అందుకే వాడుకలో 30 అంటే చేతులు కడుక్కోవడానికీ వానకూ, 50 అంటే కాసేపు ఈతకూ, 100 అంటే ఈతకూ స్నార్కెలింగ్‌కూ అని లెక్క.

స్కూబాకు వేరే ప్రమాణం ఉంది: ఐఎస్ఓ 6425. 1982లో వచ్చింది, 1996లోనూ 2018లోనూ సవరించారు. దీని ప్రకారం వాచీ కనీసం 100 మీటర్లది కావాలి. తయారైన ప్రతి వాచీనీ విడిగా, దాని మీద రాసిన లోతుకు 125 శాతం ఒత్తిడిలో పరీక్షించాలి. 200 మీటర్లదైతే 25 బార్లలో రెండు గంటలు ఉంచాలన్నమాట. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. వాచీ ఆగిపోలేదని తెలిసేలా సెకన్ల ముల్లు కూడా వెలగాలి. నాకు నచ్చిన పరీక్ష మాత్రం అన్నిటికన్నా సాదాది. వాచీని 40 డిగ్రీలు దాటిన వేడి పలక మీద పెట్టి బాగా కాగనిస్తారు. అద్దం మీద ఒక్క చల్లటి నీటిచుక్క వేసి, నిమిషం ఆగి తుడుస్తారు. అద్దం లోపలివైపు ఆవిరి పట్టిందా, ఆ వాచీ ఫెయిల్. లోపల ఏ మూలో తేమ దాగి ఉందని అర్థం.

ఇన్ని పరీక్షలు నెగ్గిన వాచీని మనం రెండేళ్ల తర్వాత ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చున్న మనిషికి ఇచ్చి బ్యాటరీ మార్పిస్తాం. అతను వెనక మూత తీసి, సెల్ మార్చి, బొటనవేలితో నొక్కి ఇస్తాడు. పాత వాషరు అలాగే ఉంటుంది. ఆ క్షణం నుంచి డయల్ మీది 200 ఉత్త సిరా. అతని తప్పేమీ లేదు, ఒత్తిడి పరీక్ష చేసే యంత్రం అతని దగ్గర ఉండదు. నీళ్లలోకి వెళ్లే వాచీ అయితే సెల్ మార్చినప్పుడల్లా వాషరు మార్పించి, ప్రెజర్ టెస్ట్ చేయించి తెచ్చుకోవాలి.

ఒకవైపే తిరిగే చక్రం

ఇప్పుడు మనం డైవ్ వాచీ అని గుర్తుపట్టే రూపం 1953లో స్థిరపడింది. ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌లో బ్లాంక్‌పాన్ కంపెనీ 'ఫిఫ్టీ ఫాథమ్స్', రోలెక్స్ 'సబ్‌మెరినర్' పుట్టాయి. ఫాథమ్ అంటే ఆరడుగులు. యాభై ఫాథమ్‌లు అంటే 91 మీటర్లు. బ్లాంక్‌పాన్ నడిపిన జాన్ జాక్ ఫీష్టర్ స్వయంగా డైవరు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో దిగినప్పుడు ఎంతసేపైందో లెక్క తప్పి సిలిండర్లో గాలి అయిపోయిన అనుభవం ఆయనది. అదే సమయంలో ఫ్రెంచి సైన్యం తన ఈతదళం కోసం, కెప్టెన్ రాబర్ట్ మాలూబియే ఆధ్వర్యంలో, సరైన వాచీ కోసం వెతుకుతోంది. రెండు అవసరాలూ కలిసి ఆ వాచీ అయ్యాయి.

దాని ప్రతిభ అంతా డయల్ చుట్టూ తిరిగే రింగులో ఉంది. నీళ్లలో మునిగేముందు రింగు మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లు ఎదురుగా తిప్పి పెడతారు. ఆ తర్వాత ఎప్పుడు చూసినా, ముల్లు రింగు మీద ఎక్కడుంటే అన్ని నిమిషాలైనట్టు. కూడికలూ తీసివేతలూ లేవు. 30 మీటర్ల లోతులో నైట్రోజన్ మత్తు కాస్త తలకెక్కుతుంది, అక్కడ రెండంకెల తీసివేత కూడా తప్పుతాం. ఇంకో సంగతి, ఇప్పటి డైవ్ వాచీల్లో ఆ రింగు అపసవ్య దిశలో మాత్రమే తిరుగుతుంది. పొరపాటున రాయికో పడవ నిచ్చెనకో తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువగానే కనిపిస్తుంది తప్ప తక్కువగా కాదు. తప్పు జరిగితే డైవరు ముందే పైకొస్తాడు.

ఇక 1960 జనవరి 23న ట్రియెస్ట్ అనే జలవాహనంలో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ మేరియానా అగాధం అడుగుకు, దాదాపు 10,900 మీటర్ల లోతుకు వెళ్లినప్పుడు, వాహనం బయట కట్టిన రోలెక్స్ ప్రయోగాత్మక వాచీ ఆడుతూనే తిరిగొచ్చింది. చదరపు సెంటీమీటరుకు టన్నుకు పైగా బరువు. గొప్పే. కానీ లోపలి మనుషులిద్దరూ మామూలు గాలి ఒత్తిడిలోనే ఉన్నారు. వాళ్లు ఆ వాచీ చోట ఉండి ఉంటే కథ వేరు. ఖరీదైన వాచీల పక్కన ఉండే హీలియం వాల్వు కూడా ఇలాంటిదే. ముంబై హై లాంటి చమురు క్షేత్రాల్లో రోజుల తరబడి హీలియం నింపిన గదుల్లో బతికే వృత్తి డైవర్ల కోసం అది. ఆ సన్నటి వాయువు వాచీలోకి దూరి, పైకొచ్చేటప్పుడు బయటికి పోలేక అద్దాన్ని ఊడగొడుతుంది. రుషికొండలో దిగేవాళ్లకు ఆ వాల్వుతో పని పడదు.

మేకలు నేర్పిన లెక్క

వాచీ చెప్పేది ఎంతసేపైందనే. ఎంతసేపు ఉండొచ్చో చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు నైట్రోజన్‌లో ఉంది.

మనం పీల్చే గాలిలో సుమారు 79 శాతం నైట్రోజన్. నేల మీద అది వచ్చినట్టే పోతుంది. లోతుకు వెళ్తే గాలిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడితోనే పీల్చాలి కాబట్టి 30 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరిలోనూ నాలుగింతల నైట్రోజన్ ఉంటుంది. అది రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరుగుతూ పోతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితిత్తుల గుండా వెళ్లిపోతుంది. గబగబా వస్తే గోళీ సోడా కొట్టినట్టే, కరిగి ఉన్నదంతా బుడగలై లేస్తుంది. కీళ్లలో లేస్తే భరించలేని నొప్పి. వెన్నుపాములో లేస్తే కాళ్లు పడిపోవచ్చు. దీన్ని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్ల నోట బెండ్స్.

ఈ జబ్బు మొదట కనిపించింది డైవర్లలో కాదు, ఒత్తిడి గాలిలో పనిచేసిన కూలీలలో. పంతొమ్మిదో శతాబ్దంలో నది అడుగున పునాదులు తవ్వడానికి గాలిని ఒత్తి నింపిన పెద్ద గదులను దించేవారు. షిఫ్టు అయ్యాక బయటికొచ్చిన కూలీలు మెలికలు తిరిగిపోయేవాళ్లు. న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన ప్రధాన ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీని బారిన పడి, మిగతా పనిని ఇంట్లోంచే నడిపించాడు. నైట్రోజన్ బుడగలే కారణమని 1878లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పోల్ బెర్ తేల్చాడు. ఎంత మెల్లగా రావాలో అంకెల్లో చెప్పినవాడు మాత్రం జాన్ స్కాట్ హాల్డేన్.

బ్రిటిష్ నౌకాదళం అడిగితే హాల్డేన్ మేకలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. పీడన గదిలో మేకను ఉంచి, ఒత్తిడి తగ్గించి, అది ముందుకాలు ఎత్తి కుంటుతుందా అని చూసేవాళ్లు. 1908లో అచ్చయిన ఆ ఫలితాల్లోంచి రెండు ఊహలు ఇప్పటికీ బతికున్నాయి. మొదటిది: ఒత్తిడి ఒక్కసారిగా సగానికి తగ్గినా శరీరం తట్టుకుంటుంది, అంతకు మించితే ఆగి ఆగి రావాలి. రెండోది: శరీరమంతా ఒకే వేగంతో నైట్రోజన్‌ను పీల్చుకోదు. రక్తం బాగా పారే భాగాలు త్వరగా, కొవ్వు లాంటివి నిదానంగా నింపుకుంటాయి. ఆయన శరీరాన్ని ఐదు ఊహాజనిత విభాగాలు చేశాడు. మిగిలిన ఖాళీలో సగం నిండడానికి ఒకదానికి 5 నిమిషాలు, మిగతావాటికి 10, 20, 40, 75. ఇవే అర్ధకాలాలు.

ఇక్కడ మన గడ్డతో ఒక చుట్టరికం ఉంది. తండ్రి 1906లో స్కాట్లండ్ తీరంలో నౌకాదళ డైవర్లతో పరీక్షలు చేస్తున్నప్పుడు 13 ఏళ్ల కొడుకు జాక్ కూడా డైవింగ్ సూటు తొడుక్కుని దిగాడు. సూటు వదులు, లోపలికి నీళ్లు చేరాయి. ఆ కుర్రాడే తర్వాత జన్యుశాస్త్రంలో పేరుమోసిన జేబీఎస్ హాల్డేన్. 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక ఆయన తనే పీడన గదిలో కూర్చుని ప్రయోగాలు చేయించుకున్నాడు. కర్ణభేరులకు చిల్లులు పడ్డాయి. ఆక్సిజన్ ఎక్కువై వచ్చిన ఫిట్స్‌లో వెన్నుపూసలు నలిగాయి. 1957లో భారత్‌కు వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన రాసిపెట్టిన ప్రకారం భౌతికకాయం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు. డైవ్ కంప్యూటర్ లెక్కల వెనక ఉన్న ఎముకలు కొన్ని కాకినాడలోనే ఉన్నాయన్నమాట.

హాల్డేన్ పద్ధతిలోంచే నౌకాదళాల పట్టికలు వచ్చాయి. వాటిలో అన్ని అంకెలూ ప్రయోగశాలలో పుట్టినవి కావు. పైకొచ్చే వేగం సంగతే చూడండి. 1950లలో అమెరికా నౌకాదళంలో ఫిన్లు తొడుక్కుని ఈదే దళం నిమిషానికి 100 అడుగులు కావాలంది. బరువైన ఇత్తడి హెల్మెట్ల డైవర్లు అంత వేగం తమకు కుదరదన్నారు. మధ్యేమార్గంగా 60 ఖాయమైంది. సెకనుకు అడుగు, లెక్క సులువు కదా! ఆ బేరం అంకెను ప్రపంచమంతా దశాబ్దాల పాటు శాస్త్రంలా పాటించింది. 1993లో ఆ నౌకాదళమే దాన్ని 30 అడుగులకు, అంటే 9 మీటర్లకు తగ్గించింది.

సరదా డైవర్ల కోసం 1988లో వచ్చిన పాడీ సంస్థ పట్టిక ఇప్పటికీ చాలామంది చదివేది. మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగేలా, మొదటి డైవ్‌లో ఎంతసేపు ఉండొచ్చో అది ఇలా చెబుతుంది: 12 మీటర్లకు 147 నిమిషాలు, 18కి 56, 30కి 20, 40కి 9. లోతు రెండింతలు దాటేసరికి సమయం ఎలా కుంచించుకుపోతోందో చూడండి. గాలి కూడా ఇదే దారిలో ఖర్చవుతుంది. అండమాన్ పడవల మీద ఉండే అల్యూమినియం సిలిండరు లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు, నింపేది 200 బార్లకు. 50 బార్లు అత్యవసరానికి దాచుకుంటే వాడుకోవడానికి మిగిలేది 1,650 లీటర్లు. నేల మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు, 30 దగ్గర 80 కావాలి. మొదటిచోట 41 నిమిషాలు, రెండోచోట 20 నిమిషాలు.

మణికట్టు మీద పదహారు విభాగాలు

పట్టికకు ఒక మొండితనం ఉంది. డైవ్‌లో ఒక్క నిమిషం 30 మీటర్లు తాకినా మొత్తం సమయం అక్కడే గడిపినట్టు లెక్కిస్తుంది. నిజానికి ఎవరూ అలా గడపరు. గోడ వెంబడి లోతుకు దిగి, చేపలను చూసుకుంటూ మెట్టుమెట్టుగా పైకొస్తారు. ఆ తేడాను లెక్కలోకి తీసుకునే పరికరం కోసం ప్రయత్నాలు చాలా ముందే మొదలయ్యాయి. 1959లో ఇటలీ నుంచి వచ్చిన ఎస్ఓఎస్ మీటరులో చిప్పులేం లేవు, గాలి ఒక సన్నటి రంధ్రాల పింగాణీ ముక్కలోంచి మెల్లగా కారుతూ ముల్లును కదిపేది. డైవర్లు దానికి ముద్దుగా 'బెండోమాటిక్' అని పేరు పెట్టారంటే నమ్మకం ఎంతో తెలుస్తోంది. ఎలక్ట్రానిక్ యుగం 1983లో మొదలైంది. అమెరికాలో ఓర్కా ఎడ్జ్, యూరప్‌లో డెకో బ్రెయిన్ ఒకే ఏడాది వచ్చాయి.

ఈనాటి చాలా కంప్యూటర్ల వెనక ఉన్నది జూరిక్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ గణితం. హాల్డేన్ ఐదు విభాగాలను ఆయన పదహారు చేశాడు. అర్ధకాలాలు 4 నిమిషాల నుంచి 635 నిమిషాల దాకా. కంప్యూటర్ చేసే పని ఒక్కటే: కొన్ని సెకన్లకోసారి ఒత్తిడి కొలిచి, పదహారింటిలోనూ ఎంత నైట్రోజన్ చేరిందో మళ్లీ లెక్కగట్టి, దేనికి ముందుగా హద్దు తగులుతుందో చూసి, ఇంకెన్ని నిమిషాలు మిగిలాయో తెర మీద వేయడం.

ఆ లెక్కను ఒకసారి చేతితో చేసి చూద్దాం. ఊపిరిలోని నీటి ఆవిరిని పక్కన పెడితే, పైన ఉన్నప్పుడు శరీరంలో నైట్రోజన్ ఒత్తిడి 0.79 బార్. ఒక డైవర్ 30 మీటర్ల దగ్గర 5 నిమిషాలు, 18 దగ్గర 15, 10 దగ్గర 20 నిమిషాలు గడిపాడనుకోండి. పట్టిక దృష్టిలో ఇది 30 మీటర్ల దగ్గర 40 నిమిషాల డైవ్. హద్దుకు రెట్టింపు, పెద్ద నేరం. కంప్యూటర్ దృష్టిలో 5 నిమిషాల అర్ధకాలం ఉన్న విభాగం మొదటి మెట్టు ముగిసేసరికి 1.98 బార్లకు, రెండో మెట్టుకు 2.18కి చేరి, 10 మీటర్ల దగ్గర కాలక్షేపం చేస్తుండగానే 1.62కి దిగిపోయింది. 40 నిమిషాల విభాగం కథ వేరు: 0.99, 1.27, 1.36. అది ఇంకా ఎక్కుతూనే ఉంది. ఒకే ఒంట్లో ఒక భాగం ఖాళీ అవుతుంటే ఇంకొకటి నిండుతోంది. ఈ రెండు దిశలనూ ఒకేసారి పట్టుకోవడమే కంప్యూటర్ విలువ. రింగు తిప్పే వాచీ ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయలేదు.

తెర మీద నాలుగు అంకెలు చూసుకుంటే చాలు: ఇప్పటి లోతు, గడిచిన సమయం, మిగిలిన నిమిషాలు, పైకొచ్చే వేగం. వేగం నిమిషానికి 9, 10 మీటర్లు దాటితే అది కూస్తుంది. 5 మీటర్ల దగ్గర ఆగమని చెప్పి 3 నిమిషాలు వెనక్కి లెక్కపెడుతుంది. ఈ చివరి మజిలీని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. కానీ ఒత్తిడి రెండింతలు మారేది పైనున్న ఆ 10 మీటర్లలోనే. 40 నుంచి 30కి వస్తే 5 బార్లు 4 అవుతాయి, అయిదో వంతు తగ్గుదల. 10 నుంచి పైకి వస్తే 2 ఒకటవుతుంది, సగానికి సగం.

మిగిలిన నిమిషాలు దాటిపోయి కూడా కింద ఉంటే కంప్యూటర్ ఆగాల్సిన మజిలీలు చూపిస్తుంది. వాటినీ లెక్కచేయకపోతే చాలా మోడళ్లు 24 నుంచి 48 గంటలు డైవ్ లెక్కలు చెప్పడం మానేస్తాయి. అలక అనుకోవద్దు. తన గణితం ఇక ఈ ఒంటికి వర్తించదని అది ఒప్పుకోవడం.

నిజానికి దానికి తెలియనివి చాలా ఉన్నాయి. అది కొలిచేది నీటి ఒత్తిడినీ సమయాన్నీ, మన రక్తాన్ని కాదు. రాత్రి నిద్ర లేదని, ఒంట్లో నీళ్లు తగ్గాయని, పడవెక్కే ముందు వాంతులయ్యాయని దానికి తెలియదు. నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో పూర్తిగా మూసుకోని చిన్న దారి ఉంటుంది. బుడగలు ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుని అందులోంచి అడ్డదారి పట్టొచ్చు. అదీ తెలియదు. సరదా డైవింగ్‌లో బెండ్స్ అరుదు, పదివేల డైవ్‌లకు రెండు నుంచి నాలుగు కేసులని సాధారణంగా చెప్పే లెక్క. అయితే వాటిలో కంప్యూటర్ చెప్పిన హద్దు దాటనివాళ్లూ ఉంటారు. అందుకే తెర మీద 'ఇంకా 2 నిమిషాలు' కనిపించేదాకా లోతులో నిలబడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మంచి కంప్యూటర్లలో హద్దును ముందుకు జరుపుకునే సెట్టింగు ఉంటుంది. వయసు నలభై దాటినవాళ్లు, ఏడాదికోసారి దిగేవాళ్లు దాన్ని వాడుకోవడమే మర్యాద.

కంప్యూటర్ కూడా తప్పు చేయొచ్చు. 1995లో తయారైన ఒక మోడల్, డైవర్ పైకొచ్చి పడవలో మామూలు గాలి పీలుస్తున్నా, ఆక్సిజన్ ఎక్కువున్న సిలిండర్ మిశ్రమాన్నే పీలుస్తున్నాడని అనుకునేది. దాంతో ఒంట్లోని నైట్రోజన్ నిజంకన్నా త్వరగా పోయినట్టు చూపించి, తర్వాతి డైవ్‌కు ఎక్కువ సమయం ఇచ్చేసేది. కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిచేసరికి 2003 వచ్చింది.

వాడకంలో ఒక నియమం మన ఇళ్లలో తేలిగ్గా తప్పుతుంది. పొద్దున అన్నయ్య కట్టుకున్న కంప్యూటర్ మధ్యాహ్నం తమ్ముడు కట్టుకోకూడదు. అందులో ఉన్నది అన్నయ్య నైట్రోజన్ ఖాతా. తమ్ముడు పొద్దున దిగి ఉంటే అతని లెక్క దానికి తెలియదు, దిగకపోతే లేనిది ఉన్నట్టు చెబుతుంది. ఇద్దరు కలిసి దిగి, ఇద్దరి కంప్యూటర్లూ వేర్వేరు నిమిషాలు చూపిస్తే తక్కువ చూపించినదాని మాటే ఇద్దరికీ చెల్లుతుంది. కంపెనీ కంపెనీకీ జాగ్రత్త పాళ్లు మారతాయి కాబట్టి ఇలా తేడా రావడం మామూలే.

కొనడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఏటా రెండు మూడు డైవ్‌లు చేసేవాళ్లు ఏదీ కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. బ్యాటరీ గుర్తు చూసి, మిశ్రమం సెట్టింగు మామూలు గాలికి, అంటే 21 శాతం ఆక్సిజన్‌కు ఉందో లేదో అడిగి తీసుకోవాలి. తరచూ దిగేవాళ్లు ముందుగా కొనాల్సింది పెద్ద అంకెలున్న సాదా కంప్యూటర్, చూడ్డానికి బిళ్లలా వికారంగా ఉన్నా సరే. 2022లో వచ్చిన ఆపిల్ వాచ్ అల్ట్రా లాంటివి బ్యూల్‌మన్ లెక్కతోనే డైవ్ కంప్యూటర్లుగా పనిచేస్తున్నాయి. మన దేశంలో అది 89,900 రూపాయలకు విడుదలైంది, దాని హద్దు సరిగ్గా 40 మీటర్లు. గమనించండి, అదే వాచీ ఒంటి మీద 100 మీటర్ల నీటి నిరోధకత అని కూడా ఉంది. ఒకటి వాచీ ఓర్పు, రెండోది డైవింగ్‌కు అనుమతి. రింగు తిరిగే స్టీలు వాచీ ఇప్పుడు రెండో చేతికి, కంప్యూటర్ చచ్చిపోతే లెక్క తప్పకుండా ఉండటానికి. పెళ్లిళ్లకు కూడా బావుంటుంది.

ఒడ్డెక్కాక మొదలయ్యే గంటలు

డైవ్ ముగిసినా తెర మీద ఒక విమానం బొమ్మ వెలుగుతూ ఉంటుంది, ఇంకా ఎక్కొద్దని. విమానం లోపల గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నంత, అంటే ముప్పావు బార్ దాకా పడిపోవచ్చు. సముద్ర మట్టం దగ్గర నిశ్శబ్దంగా ఉన్న నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టొచ్చు. డైవర్ల భద్రతా సంస్థ డాన్ చెప్పే లెక్క: మజిలీలు అవసరం లేని ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజు రెండు మూడు చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా 18 గంటలు, మజిలీలు తప్పనిసరైన డైవ్ అయితే 18 కంటే బాగా ఎక్కువ. చాలామంది అన్నిటికీ కలిపి 24 అనుకుంటారు, అదే మంచిది. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో మధ్యాహ్నం 2 గంటలకు చివరి డైవ్ నుంచి పైకొచ్చినవాళ్లకు 18 గంటల లెక్కన మర్నాడు ఉదయం 8కి ముందు విమానం కుదరదు. అండమాన్ ప్యాకేజీల్లో స్కూబాను ఆఖరి రోజు పొద్దున ఇరికించే ఏజెంట్లు ఉన్నారు. అలాంటి టికెట్టు మార్పించుకోవాలి.

డాన్ మార్గదర్శకాలు వర్తించే ఎత్తు 2,000 అడుగుల నుంచి, అంటే సుమారు 610 మీటర్ల నుంచి మొదలవుతుంది. అందుకు విమానమే అక్కర్లేదు, కారు చాలు. విశాఖ వెళ్లేవాళ్ల ప్రణాళిక తరచూ ఇలా ఉంటుంది: పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం భోంచేసి అరకు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో అనంతగిరి ఘాట్ అంతకన్నా ఎత్తుకెక్కి దిగుతుంది. రైల్లో వెళ్లినా తప్పదు, అదే మార్గంలోని శిమిలిగుడ స్టేషన్ దాదాపు 1,000 మీటర్ల దగ్గరుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఆరేడు మీటర్లలో పావుగంట తిరిగొచ్చినవాళ్లకు చేరే నైట్రోజన్ కొద్దిగానే ఉంటుంది. అయినా 12 గంటల లెక్క వాళ్లకూ ఉంది. సర్టిఫికెట్ ఉండి రెండు డైవ్‌లు చేసినవాళ్లయితే ఆ రాత్రి విశాఖలోనే పడుకుని, 18 గంటలు నిండాక ఘాట్ ఎక్కాలి. లేదా అరకు ముందు చూసి, సముద్రంలోకి తర్వాత దిగితే ఏ గొడవా లేదు.